అప్‌డేట్: నా అనిమే ఫిగర్ల గది రెడీ అయింది!

వానాకాలం మొదట్లో అడిగాను కదా, అమలాపురంలో కాలవ పక్కన మా ఇల్లు, అనిమే ఫిగర్లు (జపాన్ కార్టూన్ పాత్రల బొమ్మలు) జిడ్డుగా చేతికి అంటుకుంటున్నాయి, గదిలో ఎలా సర్దుకోవాలి అని. సలహాలిచ్చిన అన్నలకీ అక్కలకీ చాలా థ్యాంక్స్.

మీరు చెప్పిందే నిజం. ఆ జిడ్డు బయటి తేమ కాదు. ఈ బొమ్మలు చేసే పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే రసాయనం వేడికి పైకి ఊరుతుంది, గాలాడని డబ్బాలో పెడితే మరీనూ. గోరువెచ్చని నీళ్లలో కొంచెం గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి బ్రష్‌తో జడల సందుల్లో కూడా నెమ్మదిగా రుద్ది, నీడలో ఆరబెట్టాను. మికు (జపాన్ వర్చువల్ సింగర్) బొమ్మ జుట్టు రంగు మళ్లీ తేటగా కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది!

అమ్మ సంక్రాంతి బొమ్మల కొలువుకి వాడే చెక్కమెట్లు నాకిచ్చేసింది. వెనక 1/7 స్కేలువి (పాత్ర ఎత్తులో ఏడో వంతు ఉండేవి), ముందు వరసలో పెద్ద తల, చిన్న ఒళ్లు ఉండే బుజ్జి నెండొరాయిడ్లు. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది కాబట్టి కిటికీకి మందపాటి కర్టెన్. లోపల ఎల్‌ఈడీ లైటే.

కింద అరలో జపాన్ గేములు, పక్కనే సిలికా జెల్ పొట్లాలు. నింటెండో స్విచ్ గేమ్ మెషీన్‌కి రీజియన్ లాక్ (ఒక ప్రాంతం గేములు వేరే ప్రాంతం మెషీన్‌లో ఆడకుండా ఆపేది) లేదు, జపాన్ కార్ట్రిడ్జ్‌లు నా మెషీన్‌లో హాయిగా ఆడుతున్నాయి. నింటెండో పాత మెషీన్ 3డీఎస్‌కి మాత్రం లాక్ ఉంది. ఆ గేములకి జపాన్ మెషీనే కావాలి. రాజమండ్రి, కాకినాడ వైపు ఎవరైనా అమ్ముతుంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.