మెయింటెనెన్సు ఆలస్యమైందని వేసిన జరిమానాను ప్రశ్నించడం ఎలా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
మా అపార్ట్‌మెంటులో మెయింటెనెన్సు ప్రతి నెలా 10వ తేదీలోగా కట్టాలి. నేను 9వ తేదీనే చెక్కును వాచ్‌మన్ చేతికిచ్చి రిజిస్టరులో రాయించినా, అది ఖాతాలో 12న జమ అయిందని రోజుకు 50 రూపాయలు వేశారు. ఆ 100 కట్టలేదని లెక్క ఆపకుండా, నేటికి 63 రోజులకు 3,150 రూపాయలు అంటున్నారు. లిఫ్టు పక్కన బోర్డుపై మా ఫ్లాటు నంబరును ఎర్ర సిరాతో రాశారు. మా అమ్మగారు దాన్ని చూసి చాలా బాధపడ్డారు. ఏం చేయాలి?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ముందుగా ఆ రిజిస్టరు పేజీని ఫోటో తీసి ఉంచుకోండి, మీ వాదనకు అదే ప్రాణం. తర్వాత బైలాల నకలు, జరిమానాను ఆమోదించిన సర్వసభ్య సమావేశం తీర్మానం చూపమని కార్యదర్శి గారికి లేఖ రాసి, రెండో ప్రతిపై సంతకం తీసుకోండి. మా దగ్గర ఇలా అడిగితే తీర్మానమే లేదని తేలింది. అసలు మెయింటెనెన్సును మాత్రం ఒక్క నెల కూడా ఆపవద్దు, ఆపితే న్యాయం వారి వైపుకు వెళుతుంది.

జవాబు (న్యాయవాది, విజయవాడ):
బైలాలో జరిమానా ఉన్నంత మాత్రాన ఎంతైనా వసూలు చేయవచ్చని కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం, రాసుకున్న మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది. మీ సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, 23వ సెక్షను మేరకు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. అయితే 3,150 రూపాయల కోసం అంత దూరం వెళ్లేకంటే, ముందు కమిటీ ఎదుట కూర్చుని మాట్లాడటమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. లేఖ ఈ రోజే ఇస్తున్నాను, బోర్డుపై మా నంబరు తుడిచివేయాలని కూడా అందులో రాశాను.