విమానానికి రోటరీ ఇంజన్: ఇంజెక్టర్లు ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్తే. మాది కడప. చిన్న విమానానికి పనికొచ్చేలా మాజ్దా 13బి రోటరీ ఇంజన్‌ను (పిస్టన్ల బదులు తిరిగే రోటర్లతో నడిచేది) స్టాండ్ మీద సిద్ధం చేస్తున్నాం. కారులో దీని ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మే నాజిళ్లు) నాలుగు: ఎప్పుడూ పనిచేసే రెండు ప్రైమరీవి ఇంజన్ మధ్య హౌసింగ్‌లో, గాలి లోపలికెళ్లే పోర్టు పక్కనే ఉంటాయి; ఎక్కువ పవర్ కావాల్సినప్పుడు తోడయ్యే రెండు సెకండరీవి మానిఫోల్డ్‌లో, అంటే గాలిని పోర్టుకు తెచ్చే గొట్టాల్లో. ఐడిల్ (లోడు లేకుండా నెమ్మదిగా తిరగడం) నిలకడకు అది మంచిదే. కానీ విమానంలో ఎక్కువసేపు ఒకే వేగం. ఇంజెక్టర్లను పోర్టుకు దూరంగా జరిపితే పెట్రోలు బాగా ఆవిరై లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది కదా! అయితే మానిఫోల్డ్ గోడలకు తడి పడితే, బ్యాక్‌ఫైర్ (ఇంజన్‌లోంచి మంట వెనక్కి తన్నడం) వచ్చినప్పుడు మంట అంటుకుంటుందని భయం. పైగా మా ఎండలకు, ఇంజన్‌ను ఆనుకున్న ఫ్యూయల్ రైల్‌లో (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోలు ఆవిరై సరఫరాకు అడ్డుపడటం, టెన్షన్ ఒకటి.

నాలుగూ దూరంగా పెట్టాలా, రెండు పోర్టు దగ్గరే ఉంచాలా? ఒక జత ఆగిపోయినా రెండో జతతో క్షేమంగా దిగగలగాలి, నాకు అదే ముఖ్యం. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.