బాత్రూంలో ఎంత పొదుపు చేసినా నీళ్ల మీటర్ రీడింగ్ తగ్గట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
ఇంట్లో నలుగురం. రెండు నెలలుగా బాత్రూం దగ్గర నాది పోలీసు డ్యూటీ. పళ్లు తోముకునేటప్పుడు కుళాయి కట్టేయమని తలుపు కొట్టి మరీ చెప్తున్నా. మా అబ్బాయి షవర్ మానేసి బకెట్ స్నానానికి దిగాడు (అలిగాడనుకోండి, అయినా దిగాడు). ఇంత చేసినా మీటర్ రీడింగ్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కుళాయిలేవీ కారట్లేదు, నేల పొడిగానే ఉంది. ఫ్లష్ ట్యాంకులో ఇటుక పెట్టమని ఒకరన్నారు. పెట్టమంటారా?

జవాబు 1:
ఇటుక వద్దండీ. నానినానీ పొడి రాలుతుంది, అది వాల్వులో ఇరుక్కుంటే అసలుకే మోసం. మీది పాత పెద్ద ట్యాంకైతే లీటరు బాటిల్ నిండా నీళ్లు పోసి, మూత బిగించి, ఫ్లోట్‌కి (నీళ్లతో పాటు లేచి దిగే తేలే బుడ్డి) తగలకుండా ఓ మూల నిలబెట్టండి. ఫ్లష్‌కి లీటరు మిగులుతుంది. ఆరు లీటర్ల కొత్త రకమైతే బాటిల్ కూడా వద్దు, ఒకసారికి పోక రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది.

జవాబు 2:
ముందు కమోడ్‌ని అనుమానించండి. ట్యాంకు అడుగున రబ్బరు సీల్ అరిగితే నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారిపోతుంటాయి, అందుకే నేల తడవదు. ట్యాంకులో నాలుగు చుక్కలు ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ చేయకుండా 20 నిమిషాలు ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే దొంగ దొరికినట్టే. రాత్రి పడుకునే ముందు, పొద్దున ఎవరూ నీళ్లు ముట్టకముందు మీటర్ కూడా ఫోటో తీయండి. మధ్యలో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే మాత్రం అది నిండేటప్పుడే మీటర్ తిరుగుతుంది, ఆ లెక్క కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
మాకు నీళ్లు నేరుగా వస్తాయి, అందుకని రెండూ చేశా. పావుగంట కాకముందే కమోడ్‌లో నీలం! రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా మీటర్ 60 లీటర్లు తిరిగింది. అంటే గంటకి పది, రోజుకి 240. మగ్గులు లెక్కపెట్టి మావాడిని సాధించింది దీనికా! సీల్ మార్చా. పాతది చేత్తో పట్టుకుంటే వేళ్లకి నల్లగా అంటుకుంది, అంచంతా అలలు తేలి ఉంది. ఇప్పుడు వాడు షవర్ తిరిగిమ్మంటున్నాడు.

జవాబు 3:
ఇవ్వండి గానీ ముందు కొలవండి. పది లీటర్ల బకెట్ షవర్ కింద పెట్టి టైం చూడండి. 50 సెకన్లలో నిండితే నిమిషానికి 12 లీటర్లు, ఎనిమిది నిమిషాలు నిలబడితే 96. నిమిషానికి తొమ్మిది లోపు వచ్చే షవర్ హెడ్ బిగిస్తే బాబుకి పెద్దగా తేడా తెలీదు. గీజర్ వేడినీళ్లు వచ్చేదాకా పోయే చల్లనీళ్లని బకెట్‌లో పట్టుకోండి, ఒక ఫ్లష్‌కి సరిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
సరే. ఇంకొక్కటి: సీల్ మార్చాక కూడా ట్యాంకులో సన్నగా సుయ్‌మని వినిపిస్తోంది.

జవాబు 2:
మూత తీసి చూడండి, నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోకి (ట్యాంకులో నిలువుగా ఉండేది, ఎక్కువైన నీళ్లు అందులోంచి కమోడ్‌లోకి పోతాయి) పొర్లుతున్నాయేమో. అలా అయితే ఫ్లోట్ కొంచెం దించండి. గొట్టం అంచుకి అంగుళం కింద నీళ్లు ఆగితే చాలు.