మ్యువాన్ జీ-2: పాత డేటాలో తప్పెక్కడుంది?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి చాలా ఏళ్లయింది, ఇప్పుడు సరదాకి చదువుకుంటున్నాను. ఒకచోట ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

2021లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్ మ్యువాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన కణం) అయస్కాంత భ్రామకాన్ని కొలిచిన ఫలితం ప్రకటించింది. ఆ భ్రామకాన్ని సూచించే జీ అనే సంఖ్య 2 కంటే ఎంత ఎక్కువో చెప్పేదే జీ-2. పాత బ్రూక్‌హేవెన్ ల్యాబ్ ఫలితంతో కలిపి చూస్తే సిద్ధాంతానికీ ప్రయోగానికీ మధ్య 4.2 సిగ్మా తేడా, అంటే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం చాలా తక్కువ. కొత్త కణమేదో దొరికినట్టేనని నేనూ సంబరపడ్డాను. 2025 జూన్‌లో తుది ఫలితం వచ్చింది, అనిశ్చితి 127 పీపీబీ (వంద కోట్లలో 127 వంతులు) మాత్రమే. కొలత పెద్దగా కదల్లేదు, మారింది సిద్ధాంతం లెక్క! అందులో హాడ్రాన్ల (క్వార్కులతో ఏర్పడే కణాల) వాటాని ఇప్పుడు లాటిస్ క్యూసీడీతో (స్థలకాలాన్ని గడులుగా విడగొట్టి క్వార్కుల మధ్య బలాన్ని కంప్యూటర్‌తో లెక్కించే పద్ధతితో) లెక్కగడుతున్నారు, దాంతో తేడా దాదాపు మాయమైంది.

నా సందేహం ఇక్కడే. అంతకుముందు ఆ వాటాని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఢీకొట్టించిన ప్రయోగాల డేటా నుంచి తీసేవారు కదా. 2023లో రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో అలాంటి ప్రయోగమే అయిన సీఎండీ-3 ఫలితం పాతవాటికంటే ఎక్కువొచ్చి లాటిస్‌కి దగ్గరైంది. మరి బాబర్, క్లో లాంటి పాత ప్రయోగాలన్నీ తప్పేనా? రేడియేటివ్ కరెక్షన్లలో (ఢీకొన్నప్పుడు వెలువడే అదనపు ఫోటాన్ల వంటివాటికి చేసే సవరణల్లో) లోపమా, ఇంకేదైనానా?

గణితం కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, కానీ ఫైన్‌మన్ రేఖాచిత్రాల (కణాల చర్యలను గీతలతో చూపే బొమ్మల) దగ్గర్నుంచి మొదలుపెడితే నాకు ఎక్కుతుంది.