మ్యాన్ ద్వీపం రైలును ప్రభుత్వం కాపాడిందా, మూడింట రెండు దారులను పోగొట్టిందా?

గుంతకల్లు వాసి:
ఇంగ్లండ్‌కూ ఐర్లండ్‌కూ నడుమ సముద్రంలో ఉన్న మ్యాన్ ద్వీపంలో మూడడుగుల గేజ్ (పట్టాల మధ్య ఎడం) దారి మీద ఆవిరి రైలు ఇప్పటికీ నడుస్తోంది. ద్వీపం రాజధాని డగ్లస్ నుంచి పీల్‌కు 1873 జూలై 1న తొలి దారి తెరిచారు. మరుసటి ఏడాది పోర్ట్ ఎరిన్‌కు, 1879లో రామ్‌సేకు దారులు వచ్చాయి. నేడు మిగిలింది పోర్ట్ ఎరిన్ దారి ఒక్కటే, సుమారు 25 కిలోమీటర్లు. 1978లో అక్కడి ప్రభుత్వం రైల్వేను కొన్నది కాబట్టి అదైనా దక్కిందని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. మిగతా రెండు దారుల్లో 1968లోనే బండ్లు ఆగాయి కానీ పట్టాలు మాత్రం ఇంకొన్నేళ్లు అలాగే ఉన్నాయి. వాటిని పీకి తుక్కుకు వేసింది 1970ల నడుమ. అంటే రైల్వేను కొనడానికి కొద్ది ఏళ్ల ముందే! అన్నిటికన్నా పాతదైన పీల్ దారి ఇప్పుడు కాలిబాట.

కడప మాస్టారు:
అన్నా, మీ బాధ అర్థమైంది. లెక్క మాత్రం కుదరదు. 1966లో అక్కడ ఒక్క బండీ నడవలేదు. 1967లో మార్క్విస్ ఆఫ్ ఐల్సా అనే ప్రభువు లీజుకు తీసుకుని మూడు దారులూ తెరిపించారు. రెండు వేసవులు గడిచేసరికి రెండు దారులు వదులుకోక తప్పలేదు. 1975లో అయితే దారి నడుమ ఉన్న కాజిల్‌టౌన్ నుంచి పోర్ట్ ఎరిన్ వరకే నడిపారు. మన అనంతపురం నగరంలో ఉన్నంత జనంలో సగం కూడా లేని ద్వీపం అది. కొన ఊపిరితో ఉన్న ఒక్కదాన్ని బతికించుకోవడమే గొప్ప. మూడూ పట్టుకుని కూర్చుంటే మూడూ పోయేవి.

ధర్మవరం:
ప్రభుత్వం కోసమే ఎందుకు చూడాలి? ఇంగ్లండ్ దక్షిణాన వైట్ ద్వీపం ఉంది. 1966 డిసెంబర్ 31తో అక్కడ ఆవిరి బండ్లు ఆగిపోయాయి. అభిమానులు చందాలు వేసుకుని 1891 నాటి కాల్‌బోర్న్ ఇంజనును కొన్నారు, 1971లో హేవెన్‌స్ట్రీట్ స్టేషన్ చేరి రైలు నడిపారు. 1991కి దారిని స్మాల్‌బ్రూక్ దాకా పొడిగించారు.

గుంతకల్లు వాసి:
ధర్మవరం తమ్ముడు చెప్పినదాంట్లోనే నా వాదన ఉంది. వాళ్లు ఇంజను కొని దిమ్మె మీద నిలబెట్టి దండ వేయలేదు, నడిపారు. నడిపితేనే పని తెలిసినవాళ్లు మిగులుతారు.

మా తాత ఇక్కడి మీటర్ గేజ్ షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజనులో బొగ్గు వేసే మనిషి. ఆయన ముంజేతుల నిండా నిప్పురవ్వలు పడిన చిన్న చిన్న మచ్చలు ఉండేవి. బొగ్గును ఫైర్‌బాక్సులో పలుచగా, మూలమూలకూ చేరేలా విసరాలనీ, కుప్ప పోస్తే పొగ తప్ప ఆవిరి రాదనీ చెప్పేవారు. పెరట్లో ఇసుక, పార తీసుకుని మణికట్టు తిప్పడం చూపించేవారు. పార నేలకు తగలకుండా ఇసుక విసనకర్రలా పరుచుకునేది. ఆ పని నాకు రాదు, మా అబ్బాయికి అసలే రాదు.

మ్యాన్ ద్వీపంలో అది పోలేదు. 1873లో తొలి బండిని లాగిన సదర్లాండ్ అనే ఇంజనుకు 1998లో మరో ఇంజను బాయిలర్ బిగించి మళ్లీ నడిపారు. నూట పాతికేళ్ల పండుగకు! చేతిపని తెలిసినవాళ్లు ఉండబట్టే అది సాధ్యమైంది. మాస్టారూ, ఈ విషయంలో అక్కడి ప్రభుత్వానికి నమస్కారం పెడతాను. పట్టాలు పీకనిచ్చినందుకు మాత్రం క్షమించను. డబ్బు లేనప్పుడు బండి ఆపండి, తాళం వేయండి. తాళం ఎప్పుడైనా తీయవచ్చు. పీకిన పట్టాలను మళ్లీ ఎవరు వేస్తారు?

నంద్యాల:
నల్లమలలో దొరబావి పాత రైలు వంతెన చూసినవాళ్లకు ఈ మాట బాగా తెలుస్తుంది. గేజ్ మార్పిడిలో రైలు దారి వేరే వైపు మళ్లింది, పైనున్న ఇనుప గర్డర్లు తీసేశారు. లోయలో స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఒక్క పది కిలోమీటర్ల మీటర్ గేజ్ ఉంచి ఉంటే ఆ అడవి అందానికి దేశమంతా వచ్చేది.

కడప మాస్టారు:
నంద్యాల వారూ, ఆ పది కిలోమీటర్లకు ఏటా పట్టాల కింది దుంగలు మార్చేది, అడవిలో కాపలా కాసేది ఎవరు? ఆ ఖర్చు ఎవరిదో తేల్చకుండా ఉంచాల్సిందనడం సులువు. గుంతకల్లు అన్నా, పట్టాల సంగతి ఒప్పుకుంటున్నాను, పీకకుండా ఉండాల్సింది. డబ్బు సంగతి మాత్రం ఒప్పుకోను.