ట్రాఫిక్ అనాలిసిస్‌లో పీహెచ్‌డీ: అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యాక చూడటానికి ఏం మిగిలింది?

రెండో_ఏడాది
నెట్‌వర్క్ సెక్యూరిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎన్‌ఎస్‌ఎల్-కేడీడీ (ఏది దాడో, ఏది మామూలో ముందే గుర్తుపెట్టి ఇచ్చిన నెట్‌వర్క్ రికార్డులు) డేటా మీద దాడుల్ని పట్టే మోడల్ కట్టాను, 99.4 శాతం వస్తోంది. పేపర్ మొన్న రిజెక్ట్ అయింది. రివ్యూయర్ గట్టిగా రాసింది ఒక్కటే, ఈ డేటాతో ఇక చాలు అని. గైడ్‌ని అడిగితే ఇంకో కాన్ఫరెన్స్‌కి పంపమన్నారు. ల్యాబ్‌లో సీనియర్ ఒకాయనేమో, ట్రాఫిక్ అంతా ఎన్‌క్రిప్ట్ అయిపోతుంటే నువ్వు చూసేదేముంది, టాపిక్ మార్చుకో అంటున్నారు. పాఠాలు చెప్తూ, రీసెర్చ్ చేసుకుంటూ ఈ రంగంలోనే ఉండిపోవాలని నా ఆశ. లోపల ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారా? చాలా టెన్షన్‌గా ఉంది.

లాగ్‌ఫైల్
ఆ 99.4 విడిగా ఇచ్చిన టెస్ట్ ఫైల్ మీద వచ్చిందా, ట్రెయిన్ ఫైల్‌నే రెండు ముక్కలు చేసి చూశారా?

రెండో_ఏడాది
రెండోదేనండి. టెస్ట్ ఫైల్ మీద 80 దగ్గర ఆగిపోయింది. అది పేపర్‌లో పెట్టలేదు.

పాత_ప్యాకెట్
పెట్టలేదని మీరే ఒప్పుకున్నారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. పదిహేనేళ్లుగా నాకు ఇదే పని.

మీ డేటా 1998 నాటిది. అమెరికాలో ఎంఐటీ లింకన్ ల్యాబ్ వాళ్లు అక్కడి రక్షణ పరిశోధన సంస్థ డార్పా కోసం ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి, మామూలు ట్రాఫిక్‌నీ దాడుల్నీ అందులోనే పుట్టించారు. దాన్నుంచి కేడీడీ కప్ 99 అనే పోటీ డేటా వచ్చింది. దాని ట్రెయిన్ సెట్‌లో 78 శాతం ఒకే రికార్డు మళ్లీ మళ్లీ వచ్చినవే. అవి తీసేసి 2009లో ఇచ్చిందే మీ చేతిలోది. వడకట్టారు గానీ నీళ్లు పాతవే. ఆ టెస్ట్ ఫైల్‌లో ట్రెయిన్‌లో లేని దాడులు కూడా ఉన్నాయి, మీ 80 అందుకే. నన్నడిగితే మీ పేపర్ మొత్తంలో పనికొచ్చే అంకె అదే.

1999లో అదే ల్యాబ్ ఇచ్చిన డేటాని మహోనీ, చాన్ అనే పరిశోధకులు 2003లో తవ్వి చూశారు. టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే అంకె) 126, 253 ఉన్న ప్యాకెట్లు దాడుల్లోనే కనిపించాయి. మామూలు ట్రాఫిక్‌లో ఎక్కువగా 127, 254. అంటే దాడి ఏంటో తెలియకుండానే ఒక్క అంకె చూసి పట్టేయొచ్చు!

నవ్వకండి, నేనూ ఆ గోతిలోనే పడ్డాను. మా దాడులన్నీ ల్యాబ్‌లో ఒకే మెషీన్ నుంచి నడిపాం. మోడల్ నేర్చుకున్నది ఆ మెషీన్ టీసీపీ విండో సైజుని, అంటే ఒక విడతలో ఎంత డేటా తీసుకోగలనో అది చెప్పే అంకెని. ఆ కాలమ్ తీసేస్తే 99 కాస్తా 61 అయింది. వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి అదే ఒక చాప్టర్‌గా రాశాను, వైవాలో ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే.

ఇంకో లెక్క చూడండి. రోజుకి 10 లక్షల ఫ్లోలు (ఒక్కో కనెక్షన్‌లో పోయే ప్యాకెట్ల గుంపు ఒక ఫ్లో), అందులో 100 దాడులు అనుకుందాం. మీ మోడల్ నూటికి 99 దాడులు పట్టి, మామూలు వాటిలో నూటికి ఒకదాన్ని తప్పుగా దాడి అంటే, నిజమైనవి 99, ఉత్తుత్తివి సుమారు 10,000. అలారం చూసే మనిషి రెండో రోజే దాన్ని ఆపేస్తాడు. ఆక్సెల్సన్ అనే పరిశోధకుడు ఈ సంగతి ఎప్పుడో చెప్పాడు, అయినా ఇప్పటికీ రివ్యూకి వచ్చే పేపర్లలో ఈ లెక్క కనిపించదు.

అసలు నెట్‌వర్క్ నుంచి డేటా తీసుకోవడం ఇంకో కథ. నాకు అనుమతికే పదకొండు నెలలు పట్టింది. పేర్లు, అడ్రస్‌లు చెరిపేస్తామని రాసిచ్చాం. తీరా చూస్తే ట్రాఫిక్ కాపీ ఇచ్చే మిర్రర్ పోర్ట్ లోడ్ ఎక్కువైనప్పుడల్లా ప్యాకెట్లు వదిలేస్తోంది. రాత్రి రెండింటికి ఎవరో డేటా దోచుకుపోతున్నారని మోడల్ గోల పెట్టింది. వెళ్లి చూస్తే బ్యాకప్. ఈ కెరీర్‌లో రోజులు ఎక్కువగా ఇలాగే పోతాయి. మోడల్ కట్టడం రెండు వారాల పని.

తొంగిచూపు
సీనియర్ మాటకి నా జవాబు. వెబ్ ట్రాఫిక్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్ 1.3 (2018) సర్వర్ సర్టిఫికెట్‌ని కూడా దాచేసింది నిజమే. 2021లో ప్రమాణమైన క్విక్ అనే ప్రోటోకాల్ ఇంకా చాలా దాచింది. కానీ ప్యాకెట్ ఎంత పెద్దది, ఎటు పోయింది, ఎంత సేపటికి వచ్చింది అనేవి దాయాలంటే ఖర్చు. ఎవరు ఏం చూస్తున్నారో దాచే టోర్ నెట్‌వర్క్ అన్ని ముక్కల్నీ ఒకే సైజు చేసినా, ఏ సైటు చూస్తున్నారో ఊహించే దాడులు ఆగలేదు. నేను మరో పక్క, ఆ జాడలు చెరపడం మీద పని చేస్తున్నాను. అక్కడా చోటుంది, రండి.

రెండో_ఏడాది
80 పెట్టి, ఏ దాడులు జారిపోయాయో చూస్తూ మళ్లీ రాస్తాను. గైడ్‌తో ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిజం ట్రాఫిక్ చూడాలంటే దేనితో మొదలుపెట్టను?

పాత_ప్యాకెట్
గైడ్‌కి మాటలొద్దు, రెండు టేబుళ్లూ పక్కపక్కన పెట్టి చూపించండి. ట్రాఫిక్‌ని చదివి లాగ్‌లు రాసే జీక్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. వెర్న్ పాక్సన్ 1995లో బ్రో అని మొదలుపెట్టింది అదే, 2018లో పేరు మారింది. ముందు మీ సొంత ల్యాప్‌టాప్ ట్రాఫిక్ ఒక్క రోజుది తీసి, ప్రతి కనెక్షన్ ఎందుకు వెళ్లిందో రాయండి. సగానికి జవాబు దొరకదు. దొరకనివి ఇక్కడ పెట్టండి, చూద్దాం.