జీతం నాది, ఓటీపీ నాన్న ఫోన్‌కి. అక్కలూ, ఈ వయసులో మీరేం తెలుసుకున్నారు?

తెనాలి అమ్మాయి:
మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, మాదాపూర్‌లో లేడీస్ హాస్టల్లో ఉంటున్నా. 22 నిండాయి, ఓటు కూడా వేశాను. కానీ డబ్బు దగ్గరికొచ్చేసరికి ఇంకా ఇంటర్ చదివే పిల్లలాగే ఉంది నా పరిస్థితి. ఆధార్‌కి నాన్న నంబరే, చదువుకునేటప్పుడు స్కాలర్‌షిప్ కోసం తెరిచిన అకౌంట్‌కీ నాన్న నంబరే, జీతం కూడా అందులోనే పడుతోంది. ఏటీఎం కార్డు ఊళ్లో బీరువాలో ఉంది. ఆన్‌లైన్లో చెప్పులు కొనుక్కోవాలన్నా నాన్నకి ఫోన్ చేసి ఓటీపీ చెప్పమనాలి, ఆయన పొలంలో ఉంటే సాయంత్రం దాకా ఆగాలి. నాన్న చాలా మంచివాడు, నా ఫీజుల కోసం అప్పులు చేశాడు, అందుకే అడగాలంటే నోరు రావట్లేదు. అప్పుడే రెక్కలొచ్చాయా అంటుంది అమ్మ. మీరంతా నా వయసు దాటి వచ్చారు కదా, ఏది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది? డబ్బు గురించే కానక్కర్లేదు, ఏదైనా చెప్పండి.

బ్యాంకు కౌంటర్ అక్క:
చెల్లీ, నీలాంటి అమ్మాయిల్ని కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను. ముందు నీ పేరు మీద సిమ్ తీసుకో, ఆధార్ కేంద్రానికెళ్లి వేలిముద్ర వేసి ఆధార్‌కి ఆ నంబరు ఎక్కించుకో. తర్వాత బ్యాంకులో నంబరు మార్చుకో. ఈ వరసలోనే చెయ్యి, ఎందుకంటే మిగతావన్నీ ఆధార్ ఓటీపీ మీదే నడుస్తున్నాయి, పీఎఫ్‌తో (ఉద్యోగుల భవిష్య నిధి) సహా.

పీఎఫ్ అంటే పట్టించుకోరు చాలామంది. నీ మూల వేతనం (బేసిక్), కరువు భత్యం (డీఏ) మీద 12 శాతం నీ జీతంలోంచి కోస్తారు, కంపెనీ కూడా అంతే వేస్తుంది, అందులో కొంత పెన్షన్‌కి పోతుంది. నీ యూఏఎన్, అంటే ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబరు, కనుక్కుని యాక్టివేట్ చేసుకో, నెలనెలా పడుతోందో లేదో చూసుకో. ఉద్యోగం మారినప్పుడల్లా ఆ డబ్బు తీసేసి ఫోన్లు కొంటుంటారు, అలా కాకుండా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ పెట్టు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడొచ్చు.

ఇక నాన్న సంగతి. ఇంటికి పంపడం మానెయ్యమని ఎవరూ అనరు. జీతం పడిన రోజే ఇంత అని నువ్వే పంపు. నువ్వు పంపడం వేరు, వాళ్లు తీసుకోవడం వేరు. పంపే మొత్తం అంతే అయినా సరే ఈ తేడా చాలా పెద్దది.

ఓరుగల్లు పిన్ని:
నేను సంతకం గురించి చెప్తా. మా తాత పోయినంక మా మేనత్తలను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకుపోయారు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, చేతిలో చీర, పసుపుకుంకుమల సంచి పెట్టి, ఇక్కడో సంతకం చెయ్ అక్కా అన్నరు. ఒకామె కండ్లద్దాలు కూడా తెచ్చుకోలేదు. అది హక్కు విడుదల పత్రం, అంటే ఆస్తిలో వాటా వదులుకుంటున్నామని రాసిచ్చే కాగితం, అని ఇంటికొచ్చినంక తెలిసింది. అన్నదమ్ముల మీద ప్రేమతో ఎవరూ నోరెత్తలేదు, ఇప్పటికీ ఆ మాట వస్తే పెద్దత్త కండ్లు తుడుచుకుంటది.

చట్టం మనవైపే ఉంది తల్లీ. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం దేశంలో అందరికంటే ముందే, 1986లో, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు అందులో చోటు లేదు. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్లయినా కాకపోయినా హక్కు వచ్చింది. ఆ సవరణ వచ్చిన రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. తండ్రి స్వార్జితమైతే ఆయన ఇష్టం, ఎవరికైనా వీలునామా రాయొచ్చు.

వాటా వదులుకోవాలనిపిస్తే వదులుకో, అది నీ ఇష్టం. కానీ కాగితం ఇంటికి తెచ్చుకుని, రెండుసార్లు చదివి, తెలిసినవాళ్లకు చూపించి అప్పుడు చెయ్ సంతకం. ఉద్యోగం బాండ్ అయినా, స్నేహితురాలి లోన్‌కు జామీను అయినా ఇంతే.

హాస్టల్ రూమ్మేట్:
అందరూ కాగితాల గురించే చెప్తున్నారు, నేను ఒంటి గురించి చెప్తా. హాస్టల్లో పొద్దున ఉప్మా నచ్చక టీ తాగి ఆఫీసుకి పరిగెత్తడం, రాత్రి మ్యాగీ. జుట్టు రాలుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, టెన్షన్ వల్లే అనుకుంటాం. ఒకసారి హీమోగ్లోబిన్ చూపించుకో. 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి ఉంది. బస్తీ దవాఖానాల్లో రక్తపరీక్షలు ఉచితంగానే చేస్తారు. నెలసరి నొప్పి పని చేసుకోనివ్వకపోతే, పెళ్లయితే అదే తగ్గుతుందనే మాట నమ్మకు, డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇంకోటి, ఆఫీసులో పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి, 2013 చట్టం. చేరిన వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో చూసి పెట్టుకో. మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

ఇద్దరు కూతుళ్ల నాన్న:
అమ్మా, మీ నాన్న వైపు నుంచి ఒక మాట. ఆయన భయం నీ మీద కాదు, మోసాల మీద అయ్యుండొచ్చు. మా పెద్దమ్మాయి కార్డు అడిగినప్పుడు నాకూ అదే భయం. తను నన్ను పక్కన కూర్చోబెట్టి లిమిట్ ఎలా తగ్గించుకోవాలో, కార్డు ఎలా బ్లాక్ చేయాలో, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని చూపించింది. ఆ తర్వాత నేనింకేం మాట్లాడలేదు. ఫోన్లో అడగకు, ఈసారి ఊరెళ్లినప్పుడు భోజనాలయ్యాక నిదానంగా కూర్చుని చెప్పు.

తెనాలి అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. అంకుల్, మీ మాట చదివి ధైర్యమొచ్చింది, దసరాకి వెళ్తున్నా, అప్పుడే చెప్తాను. సిమ్ మాత్రం ఈ శనివారమే తీసుకుంటా. బ్యాంకు అక్కా, పీఎఫ్‌లో నామినీగా అమ్మ పేరు పెడదామనుకుంటున్నా, పెళ్లయ్యాక కూడా అదే ఉంటుందా?

బ్యాంకు కౌంటర్ అక్క:
ఉండదు. పెళ్లి కాగానే పీఎఫ్‌లో పాత నామినేషన్ చెల్లదు, మళ్లీ కొత్తగా నింపాలి. ఇప్పటికైతే అమ్మ పేరే పెట్టు. బ్యాంకు అకౌంట్‌లో నామినీ వేరేగా ఉంటుంది, దీనికీ దానికీ సంబంధం లేదు. నంబరు మార్చడానికి వెళ్లినప్పుడు అది కూడా అడుగు.